‘దొంగల కులం’ వెనుక ఉప్పు కథ

షోలాపూర్‌లో ‘సెటిల్‌మెంట్‌’ అంటే తెలియనివారుండరు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం మన మగ్గాల వీధుల్లోని కుర్రాళ్లకు అంతగా తెలియదు. బ్రిటిష్‌ సర్కారు ‘నేరస్థ తెగలు’గా రాసుకున్న కుటుంబాలను తెచ్చి ముళ్లకంచె మధ్య పెట్టిన చోటు అది. మిల్లుల్లో పనికి పంపేవారు. రోజూ హాజరు వేయించుకోవాలి. చీటీ లేనిదే ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం కూడా ఇలా పుట్టిందే. ఆ ఊరి పేరు వింటే చాలు, దొంగలనే మాట నోటికొచ్చేస్తుంది. సినిమాలూ అలాగే వచ్చాయి మరి!

ఆ మాటలో నిజమెంత? పాత సర్కారు దస్త్రాలు తిరగేసిన పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ దీనికి జవాబు వెతికారు. మద్రాసు రాష్ట్రపు కొరవలు, అంటే మన ఎరుకలవారి మీద ఆమె రాసిన ‘డిసానర్డ్‌ బై హిస్టరీ’ 2001లో వచ్చింది.

గాడిదల మీద ఉప్పు

ఆమె చెప్పేదేమంటే.. వీళ్లు వ్యాపారులు. కోస్తాలో ఉప్పు కొని, ఎడ్లు, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేర్చేవారు. వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. 1850ల తర్వాత రైలొచ్చింది. 1880ల నాటికి ఉప్పు మీద సర్కారు విధానం మారింది. మధ్యలో 1877 కరవు పశువులను మింగేసింది. అడవి చట్టాలతో మేతకు, వెదురుకు అడ్డుకట్ట పడింది. బతుకుతెరువు పోయాక కూడా ఊరూరా తిరుగుతూనే ఉన్నారు. ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగేవాళ్లంటే దొరలకు అనుమానం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. స్టువర్టుపురాన్ని సాల్వేషన్‌ ఆర్మీ చేతిలో పెట్టారు. అక్కడివారు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. తక్కువ కూలికి పారిపోలేని మనుషులు దొరికితే ఏ యజమానికి చేదు?

నేరం ఎవరు చేశారని అడిగే పుస్తకాలు బోలెడున్నాయి. ఫలానావారిని నేరస్థులని ఎందుకు రాశారని అడిగినవి తక్కువ. ఈ పుస్తకం విలువ అక్కడుంది.

గీత దాటితే జాబితా మారుతుంది

ఆంధ్ర, తెలంగాణల్లో ఎరుకల ఎస్టీలు. కర్ణాటకలో కొరమలు ఎస్సీలు. మహారాష్ట్రలో కైకాడీలు విదర్భలో ఎస్సీలు, మిగతాచోట్ల విముక్త జాతి. తమిళనాడులో శాఖను బట్టి జాబితా. బుట్టలల్లే చేతులు మాత్రం అన్నిచోట్లా ఒకటే. చిత్తూరులో తీసుకున్న సర్టిఫికెట్‌ కోలారులో పనికిరాదు. ఒక రాష్ట్రపు ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది తెనాలిలో పుట్టి ముంబయిలో చదివిన మర్రి చంద్రశేఖరరావు. వలస వచ్చిన మనవాళ్లు ఎందరో ఇప్పటికీ తహసీల్దారు ఆఫీసు మెట్ల దగ్గరే ఈ సంగతి తెలుసుకుంటారు.

చట్టం పోయినా..

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని తీసేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలొచ్చాయి. పోలీసుల చూపు మారలేదు. ‘జై భీమ్‌’ చూసే ఉంటారు. సినిమాలో ఇరులర్లని చూపించారు గానీ, 1993లో కడలూరు ప్రాంతంలో లాకప్‌లో చనిపోయిన మనిషి కొరవ. జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచడం, విముక్త జాతులను పుట్టు నేరస్థులన్నట్టు రాయడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది 2024 అక్టోబరు 3న. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసది.

మన పిల్లలకు పని ఉంది

ఈ చదువు మనకు దూరంగా లేదు. మద్రాసు యూనివర్సిటీలో 1965 నుంచి క్రిమినాలజీ విభాగం ఉంది. తిరునల్వేలిలో, ధార్వాడలో ఉన్నాయి. ముంబయి టిస్‌ అధ్యాపకులు తరగతి గదితో ఆగలేదు. వాళ్లు 1990లో మొదలుపెట్టిన ‘ప్రయాస్‌’ జైళ్లలోని విచారణ ఖైదీల మధ్య పనిచేస్తోంది. యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ ఒక సబ్జెక్టు. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఏ పీజీని ఒప్పుకుంటారో ఆయా విభాగాల ప్రకటనలో చూసుకోవాలి.

మన పిల్లలకున్న బలం రెండు భాషలు. షోలాపూర్‌ స్టేషన్‌లో రికార్డు మరాఠీలో ఉంటుంది, హోసూరులో తమిళంలో. ఆ కుటుంబాల్లోని ముసలమ్మల జ్ఞాపకాలు కుర్రు భాషలోనో తెలుగులోనో ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవగలవాళ్లు యూనివర్సిటీల్లో ఎంతమంది ఉంటారు? ముసలమ్మలేమో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.