ఇంట గెలిచిన సేవ రచ్చ గెలువదేల?

వెబ్‌ సేవలను నిర్మించువారి నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “నా యంత్రములో బాగుగనే పనిచేయుచున్నది.” ఈ మాట చాలవఱకు సత్యమే. ఇంట గెలిచినది రచ్చలో ఏల ఓడినదో కనుగొనుటయే కష్టము. దరఖాస్తులకు తుదిదినమున, రాత్రి పదకొండు గంటలకు, ఒక విద్యార్థి పుట తెఱచి 502 అను అంకెను చూచి నిశ్చేష్టుడగునపుడు, ఆ కారణము ఎంత త్వరగా దొరకిన అంత మేలు.

ఆ అంకె శాపము కాదు, సమాచారము. 500 అనగా అభ్యర్థన సర్వరును చేరినది, అచ్చటనే ఏదో తప్పినదని సామాన్యార్థము. 502 అట్లు కాదు. వాకిట నిలిచిన ఇంజిన్‌ఎక్స్‌ వంటి సర్వరు అభ్యర్థనను స్వీకరించి లోనికి పంపబోగా, లోపలివాడు తలుపు తీయలేదు, లేదా పొసగని బదులు పలికెను. 504 అనగా బదులునకై వేచి వేచి గడువు మీరినది. 503 అనగా సేవ తాత్కాలికముగా అందదు. బరువు మోయలేకపోవుట అందుకొక కారణము.

502నకు గల కారణములలో మిక్కిలి సామాన్యమైన దానిని కొంత విరివిగా చూతము. 127.0.0.1 అనునది యంత్రము తన్ను తాను పిలుచుకొను చిరునామా. నిర్మాణదశలో అనేక ప్రోగ్రాములు దీని మీదనే చెవియొగ్గి యుండును. అన్యులు లోనికి రాకుండుటకు ఇది మంచిదే. కాని ఆ ప్రోగ్రామునే డాకర్‌ పెట్టెలో ఉంచినపుడు, 127.0.0.1 ఆ పెట్టెకు మాత్రమే సొంతమగును. వాకిటి సర్వరు ఎంత పిలిచినను లోన వినబడదు. ప్రోగ్రాము సజీవముగ నున్నది, దాని లాగులో ఒక్క తప్పైనను లేదు, అయినను సేవ లేదు! ప్రోగ్రామును 0.0.0.0 మీద, అనగా పెట్టెకు గల అన్ని చిరునామాల మీద, వినునట్లు చేసినచో చిక్కు విడును. (పెట్టె లేనిచోట ఈ పని ఆలోచింపక చేయరాదు, వీధితలుపు బార్లా తెఱచినట్లగును.) ఇట్లే డేటాబేసును ‘లోకల్‌హోస్ట్‌’ అని పిలుచు ప్రోగ్రాము, పెట్టెలో చేరిన పిమ్మట, తనయింట లేనిదానిని తనయింటనే వెదకుచుండును.

ఒక్కొక్కప్పుడు అభ్యర్థన వాకిటికే రాదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌ సేవలు సుమారు ఆఱు గంటలు లోకమునకు కనబడకపోయినవి. నిర్వహణవేళ ఇచ్చిన ఒక ఆజ్ఞ వారి డేటాకేంద్రములను కలుపు జాలమును తెంచివేసెను. అంతట, పేరును చిరునామాగ మార్చి చెప్పు డి.ఎన్‌.ఎస్‌. సర్వరులు, తమను చేరు త్రోవను చాటు ప్రకటనలను ఉపసంహరించుకొనినవి. ఆ సర్వరులు పనిచేయుచునే యున్నవి; వానిని చేరు దారియే లేదు. కావున పేరు పలుకుచున్నదా, పోర్టు తెఱచియున్నదా, ధ్రువపత్రమునకు గడువు తీరినదా అని బయటినుండి లోనికి ఒక్కొక్క అడుగు వేయవలెను. సర్వరు లోపలనే కూర్చుండి కర్ల్‌ ఆజ్ఞతో పరీక్షించిన, తెలియునది సగమే.

డిస్కు నిండుట, రహస్యపదములను కొత్త యంత్రమున అమర్చ మఱచుట మొదలగునవి లాగు చూచిన క్షణములో తేలును. అయినను సేవ ఆగినదనగానే దానిని మరల ప్రారంభించు అలవాటు ప్రబలియున్నది. ఇది మాకు సమ్మతము కాదు. పాత డాకర్‌ పెట్టెను తొలగించి కొత్తది నిలిపినచో, వేఱుగ ఏర్పాటు లేనపుడు, పాతదాని లాగు దానితోనే పోవును. మఱునాటి రాత్రి అదే 502 వచ్చునపుడు చూచుటకు ఏమియు మిగులదు. అందుచే ముందు లాగును వేఱొకచోట ప్రతి తీసియుంచి, పిమ్మటనే పునఃప్రారంభింతుము.