భీమిలి తీరమున శునకముతో నొక పగటి నడక



మా నూజివీటి సీమలో మామిడితోటకు కుక్కయే కావలి. పిందె దిగినది మొదలు కాయ లారీ కెక్కువరకు అది రేయింబవళ్లు చెట్లక్రింద తిరుగును. కోత ముగిసిన పిమ్మట దానిని తలచువారు కొందఱే. ఇండ్లలో పెరుగు కుక్కల స్థితియు పలుచోట్ల నింతకంటె మేలుగా లేదు. గుమ్మమునకు కట్టువడి వీధిని చూచుచునే ముసలివగుచున్నవి. ఆ గుమ్మముదాటి యెఱుగని యిల్లాండ్రును మనలో లేకపోలేదు! ఏటి కొక్కదినమైనను ఇరువురును కలసి ఆరుబయట నడచుట మేలని నా తలంపు. మహాప్రస్థానమున ధర్మరాజునకు తుదివరకు తోడు వచ్చినది శునకమే కదా.

మాకు దగ్గఱి కడలి బందరుది. మంగినపూడి తీరము నల్లమట్టి నేల. స్నానమునకు పేరుగన్నదే గాని దూరపు నడకకు నేను దానిని మెచ్చను. కావున భీమునిపట్నమునుండి మంగమారిపేటవరకు గల తీరమును గూర్చి చెప్పుచున్నాను. దూరము సుమారు 10 కిలోమీటర్లు. పిల్లలతో మెల్లగా నడచినను సగము దినము చాలును.

హనుమాన్ జంక్షన్ వద్దనున్న నూజివీడు స్టేషనునుండి విశాఖపట్టణమునకు రైలుమార్గము గలదు. అయితే సాధారణపు పెట్టెలలో కుక్కను తీసికొనిపోరాదు. మొదటి తరగతిలో రెండు లేక నాలుగు పడకల గది యంతయు మనమే పుచ్చుకొన్నచో వెంట నుంచుకొనవచ్చును. లేనిచో గార్డు పెట్టెలోని గూటిలో పంపవలెను. చీకటియు చప్పుడును గల ఆ గూటిలో నోరులేని ప్రాణిని కుక్కుట నాకు సమ్మతము గాదు. కారు దొరికినవారు కారులోనే పోవుట మంచిది.

గోస్తనీనది కడలిలో కలియు భీమిలియొద్ద తెల్లవాఱుచుండగా బయలుదేఱవలయును. ఒకప్పుడు డచ్చివారు వర్తకము సాగించిన రేవిది. వారి సమాధులు నేటికిని ఊరిలో నున్నవి. అచ్చటినుండి కడలిని ఎడమచేతివైపున నుంచుకొని దక్షిణముగా నడచినచో, తడియిసుక గట్టిగా నుండి పాదములకు హాయి గూర్చును.

ఇచ్చట నొక్క ముఖ్యవిషయమును విన్నవింపవలసియున్నది. మనకు హాయియగు కాలము మామిడి పూత పట్టు పుష్యమాఘములు. అదియే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరమున గ్రుడ్లు పెట్టు తఱి. తల్లి రాత్రివేళ ఒడ్డున కెక్కి, వెనుకకాళ్లతో మూరెడు గొయ్యి త్రవ్వి, నూఱుకు అటునిటుగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరల కడలి చేరును. బిడ్డల మొగము అది చూడనే చూడదు. 45 మొదలు 60 దినముల వఱకు ఆ గ్రుడ్లకు ఇసుక వెచ్చదనమే దాది. అట్టి గూటిని కుక్క వాసనచే కనుగొని నిమిషములలో పెల్లగించును. అది దాని జాతిగుణము. దానిని కొట్టి ప్రయోజనము లేదు. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి కంచెలోపల పాతి, పిల్లలు వెలువడిన పిమ్మట కడలిలో విడుచుచున్నారు. కాని యే రాత్రి యే తల్లి యెక్కడ నెక్కునో ఎవ్వరెఱుగుదురు? 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణచట్టము ఈ తాబేళ్లకు గట్టి రక్షణ నిచ్చుచున్నది. కుక్క మెడత్రాటిని ఈ నెలలలో ఒడ్డున నెచ్చటను వదలకుడు. అలల యంచుననే నడిపింపుడు. ప్రసవవేదన యెఱిగిన మనకు ఇంతకంటె చెప్పవలయునా?

నేరెళ్లవలస చేరువనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలు చూడదగినవి. వేలయేండ్లుగా గాలి తెచ్చి పోసిన యిసుక, ఇనుపధాతువుచే ఎఱ్ఱవాఱి, వానలకు కోసికొనిపోయి గండ్లు గండ్లుగా నిలిచినది. లోపల దారులు చిక్కులమారివి. ఆ గోడలు మెత్తనివి గనుక పిల్లలను గాని కుక్కను గాని వానిమీది కెక్కనీయరాదు. ఆ పిమ్మట నౌకాదళమువారి స్థావరము వచ్చును. అచ్చట ఒడ్డు విడిచి రోడ్డు పట్టవలెను.

చేపలుప్పాడ, మంగమారిపేటలు జాలరుల పల్లెలు. ఒడ్డున పఱచిన వలలును ఎండుచేపలును ఆ యింటి స్త్రీల జీవనాధారము. కుక్క వాని మీద కాలెత్తినచో మనము నవ్వుకొని పోవుట తగదు. దూరముగా త్రిప్పి తీసికొనిపోవలయును. గ్రుడ్ల గుఱుతులు కూడ ఆ స్త్రీలనే అడుగుడు. పల్లె కుక్కలు గుంపుగా మీదికి వచ్చినచో పరుగిడక, మన కుక్కను దగ్గఱకు తీసి నిలిచియుండుడు. ఒడ్డున పడిన చేపను తిననీయకుడు. బుడగవలె నుబ్బు చేప చచ్చినను విషమే. ఉప్పునీరు త్రాగిన కుక్క వాంతి చేసికొనును గనుక మంచినీరును లోతుగిన్నెయు చేతిసంచిలో నుండవలెను. పది గంటలు దాటినంతనే పొడియిసుకమీద వట్టికాలు మోపి చూడుడు. మీరు నిలువలేనిచో అదియు నిలువలేదు.

మంగమారిపేటయొద్ద కడలి తొలిచిన రాతితోరణ మొకటి గలదు. నీరు వెనుకకు తీసినవేళ దాని దగ్గఱకు పోవచ్చును. పోటువేళ దూరమునుండియే చూడవలయును. పైనున్న తొట్లకొండపై రెండువేల యేండ్లనాటి బౌద్ధవిహారపు శిథిలములున్నవి. భిక్షువులు వాననీటికై రాతిలో తొలిచిన తొట్లచేతనే ఆ పేరు వచ్చినది. అచ్చటికి ఒకరు కుక్కతో క్రింద నీడలో నుండగా తక్కినవారు పోయి రావచ్చును. తిరుగుప్రయాణమునకు బస్సులో కుక్కకు చోటు దొరకుట కష్టము. భీమిలిలోనే ఆటోవానితో మాటాడుకొని, మధ్యాహ్నమునకు మంగమారిపేటకు రమ్మని చెప్పియుంచుడు.