అరకు వెళ్ళొచ్చారా? ఆ మాట డాక్టరుకు చెప్పండి

వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని రోజులివి. దసరా సెలవులు మొదలుకొని కార్తీక మాసం దాటే వరకు మన వాళ్ళు కుటుంబాలతో అరకు లోయకు బయలుదేరుతుంటారు. "నాకు బి.పి. ఉంది, వెళ్ళొచ్చా సిస్టర్?" అని ఓ.పి.లో చాలామంది అడుగుతారు. మీ బి.పి., షుగరు అదుపులో ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. అరకు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. హిమాలయాలలో లాగా గాలి పలుచబడి ఆయాసం వచ్చేంత ఎత్తు కాదు. అయితే తిరిగి వచ్చాక ఒక నెల రోజులపాటు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. దాని గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రయాణం

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారగానే బయలుదేరే కిరండూల్ రైలులో వెళితే యాభైకి పైగా సొరంగాలు దాటుతూ కొండ ఎక్కవచ్చు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి ఘాట్ రోడ్డు కంటే రైలే సుఖం. కారులో వెళితే ముందు సీటులో కూర్చుని దూరంగా చూడాలి, సెల్ ఫోను చూడకూడదు. బయలుదేరే ముందు కడుపు నిండా తినవద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. వాంతుల మాత్ర డాక్టరును అడిగి గంట ముందు వేసుకోవచ్చు. దానివల్ల నిద్ర వస్తుంది కాబట్టి బండి నడిపేవారు వేసుకోకూడదు.

బొర్రా గుహలలో మెట్లు చాలా ఉంటాయి, తడిగా జారుతుంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కొంతవరకు దిగి చూసి వెనక్కి వస్తే చాలు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు చూడదగ్గవి. నవంబరులో వలిసె పూలు పూస్తాయి. పొలాలన్నీ పసుపు ఆరబోసినట్లు ఉంటాయి. అవి గిరిజన రైతులు నూనె కోసం వేసుకున్న పంట. ఫోటోల కోసం చేలో దిగి తొక్కవద్దు.

బొంగు చికెన్ తినాలనుకుంటే ఎముక దగ్గర మాంసం ఎర్రగా లేకుండా ఉడికిందో లేదో చూసుకోండి. మరిగించిన నీరు గానీ సీలు ఉన్న బాటిలు నీరు గానీ త్రాగండి. ఆస్తమా ఉన్నవారు ఇన్హేలర్ సంచిలో కాక జేబులో పెట్టుకోండి. రాత్రి చలికి, చలిమంట పొగకు ఆయాసం రావచ్చు.

మా ఇంట్లో జరిగినది

కొన్నేళ్ళ క్రితం మా అక్క కుటుంబంతో కలిసి నేను కూడా అరకు వెళ్ళాను. రాత్రి చలిమంట చుట్టూ కూర్చుని థింసా నృత్యం చూశాము. చేతులు వెనుక నుంచి ఒకరికొకరు పెనవేసుకుని ఆడవాళ్ళు అడుగులు వేస్తుంటే లేవబుద్ధి కాలేదు. మా అక్క కొడుకు పొట్టి చేతుల చొక్కాతో రెండు గంటలు అక్కడే ఉన్నాడు.

ఇంటికి వచ్చిన పదకొండో రోజున వాడికి జ్వరం వచ్చింది. దగ్గరలోని మందుల షాపులో మాత్రలు తెచ్చి వేశారు. తగ్గలేదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయని చెప్పగానే అందరం డెంగ్యూ అనుకున్నాము. మూడో రోజు రాత్రి వాడు వణుకుతుంటే దుప్పటి కప్పుతూ ఉండగా నాకు అరకు గుర్తుకొచ్చింది. వెంటనే మలేరియా పరీక్ష చేయించాము. ఫాల్సిపారం మలేరియా అని తేలింది. దేవుని దయవల్ల, సమయానికి మందు పడటంవల్ల కోలుకున్నాడు. కానీ ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, వాడి పక్కనే కూర్చుని చలిమంట కాచుకున్న నాకే మూడు రోజులు ఆ సంగతి తట్టలేదు. ఇక మామూలు వారికి ఎలా తడుతుంది?

ఎందుకు మరచిపోతాము?

మలేరియా క్రిమి శరీరంలో ప్రవేశించిన వెంటనే జ్వరం రాదు. అది ముందు కాలేయంలో పెరిగి, తరువాత రక్తంలోకి దిగుతుంది. దీనికి కనీసం వారం రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల కూడా పట్టవచ్చు. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాగి కొన్ని నెలల తరువాత కూడా బయటపడగలదు. జ్వరం వచ్చేసరికి మన ప్రయాణం పాత సంగతి అయిపోతుంది. పైగా మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి డెంగ్యూ అని పొరబడతాము.

దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందనడానికి ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే కనుగొన్నాడు. మందులు వచ్చాయి, కేసులు తగ్గాయి. అయినా మన్యంలో మలేరియా పూర్తిగా పోలేదు. అక్కడి ప్రజలు ఏడాది పొడవునా దానితో పోరాడుతున్నారు. మనం రెండు రోజులుండి వస్తాము. వారికి అలవాటైన జాగ్రత్త మనకు ఉండదు.

ఈ కాలంలోనే వచ్చే మరొక జ్వరం స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే సన్నని నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్లు నల్లని చెక్కు కనిపించవచ్చు. అది నొప్పి పెట్టదు కాబట్టి రోగి చూసుకోడు. త్వరగా గుర్తిస్తే మందు ఉంది, ఆలస్యమైతే ప్రాణాపాయం.

గుర్తుంచుకోండి

1. మలేరియా దోమ సూర్యాస్తమయం నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. ఆ వేళల్లో నిండు చేతుల దుస్తులు వేసుకోండి, దోమల క్రీము రాసుకోండి. దోమతెరలో పడుకోండి.

2. గడ్డిలో నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. బసకు చేరగానే స్నానం చేసి బట్టలు మార్చండి.

3. గర్భిణీ స్త్రీలకు, చంటిపిల్లలకు మలేరియా చాలా ప్రమాదకరం. బయలుదేరే ముందే డాక్టరును సంప్రదించండి.

4. తిరిగి వచ్చిన నెలలోపు ఏ జ్వరం వచ్చినా, డాక్టరు అడగకపోయినా, "ఫలానా తేదీన అరకు వెళ్ళొచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి. ఆ తరువాతి నెలల్లో చలిజ్వరం వచ్చినా చెప్పండి.

5. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించండి. జ్వరం తగ్గిందని మందు మధ్యలో మానవద్దు.

6. మగత, మాట తడబడటం, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మీ ఇంట్లో క్యాలెండరు ఉంటుంది కదా. అరకు నుంచి వచ్చిన రోజున ఆ తేదీ చుట్టూ పెన్నుతో ఒక సున్న చుట్టండి. మా అక్క ఇప్పటికీ అలాగే చేస్తుంది.