బొమ్మ ఇటుకల పడవతో.. ఇంటర్వ్యూ గట్టెక్కండి!

‘ఈ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిందేంటి?’

కోర్ ఇంజినీరింగ్ ఇంటర్వ్యూల్లో చాలామందికి నోరు పెగలని ప్రశ్న ఇది. డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టుకు రిపోర్టు ఉంటుంది, బైండింగ్ ఉంటుంది, పీపీటీ కూడా ఉంటుంది. ‘ఈ మోటారే ఎందుకు వాడారు?’ అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. అదే, చిన్నదైనా సరే సొంతంగా చేసిన పని ఒక్కటుంటే అరగంటయినా తడుముకోకుండా మాట్లాడొచ్చు.

అలాంటి పనుల్లో ఒకటి.. లెగో లాంటి బొమ్మ ఇటుకలతో రిమోట్‌తో నడిచే పడవ కట్టడం. వినడానికి పిల్లలాటే. చేయడానికి కూర్చుంటే ఫ్లూయిడ్ మెకానిక్స్, గేర్లు, బ్యాటరీలు, వైర్‌లెస్, కోడింగ్.. అన్నీ వరసగా ఎదురొస్తాయి. నేల మీద తిరిగే రోబో తప్పు చేస్తే ఆగిపోతుంది. నీళ్ల మీది పడవ తప్పు చేస్తే మునిగిపోతుంది. తేడా అక్కడే!

తేలేది ప్లాస్టిక్ కాదు

లెగో ఇటుకలను ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దీని సాంద్రత నీటికంటే కాస్త ఎక్కువ. ఒక ఇటుకను నీళ్లలో తిరగేసి లోపలి గాలిని బయటికి పోనిస్తే అది మునుగుతుంది. మరి పడవ ఎలా తేలుతుంది? గోడల మధ్య మనం బంధించిన గాలి వల్ల. ఉక్కు ఓడ తేలేదీ ఇలాగే. పక్కకు నెట్టిన నీటి బరువు, పడవ మొత్తం బరువుకు సమానమైతే చాలు. ఇంటర్‌లో చదివిన ఆర్కిమెడిస్ సూత్రమే ఇది.

ఇటుకల్లో ఒక సౌలభ్యం ఉంది. రెండు బుడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. కొలతలు ముందే తెలుసు కాబట్టి స్కేలు పట్టకుండానే డిజైన్ చేయొచ్చు.

ముందు లెక్క.. తర్వాతే కట్టడం

32 బుడిపెల పొడవు, 12 బుడిపెల వెడల్పుతో పెట్టె ఆకారం అనుకుందాం. అంటే 25.6 సెం.మీ. పొడవు, 9.6 సెం.మీ. వెడల్పు. ఇది ఒక సెంటీమీటరు లోతుకు దిగితే సుమారు 246 ఘన సెంటీమీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే 246 గ్రాముల బరువు మోస్తుంది. మోటార్లు, బ్యాటరీలతో కలిపి పడవ బరువు 700 గ్రాములైతే? 700ను 246తో భాగిస్తే సుమారు 2.85. పడవ అంత లోతు మునుగుతుంది. గోడలు ఐదు ఇటుకల ఎత్తు, అంటే 4.8 సెం.మీ. పెడితే నీటి పైన దాదాపు 2 సెం.మీ. మిగులుతుంది. చిన్న అలలకు చాలు.

ఇప్పుడు పడవను నీళ్లలో పెట్టి గీత గీసి చూడండి. లెక్కకూ గీతకూ ఎంత తేడా వచ్చింది? ఎందుకొచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే మీ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి అధ్యాయం సిద్ధమైనట్టే.

ఒరిగితే తిరిగి లేస్తుందా?

తేలడం ఒక ఎత్తు, తిరగబడకుండా ఉండటం మరో ఎత్తు. దీన్ని తేల్చేది మెటాసెంటర్. పెట్టె ఆకారపు పడవకు దీని ఎత్తు తెలుసుకోవడం సులువు. మునిగిన లోతులో సగం తీసుకోండి. వెడల్పు వర్గాన్ని 12 రెట్ల లోతుతో భాగించి దానికి కలపండి. మన పడవకు 1.43, 2.69 కలిపితే అడుగు నుంచి సుమారు 4.1 సెం.మీ. వస్తుంది. పడవ గరిమనాభి దీనికంటే కింద ఉండాలి. ఎంత కింద ఉంటే అంత భద్రం. అందుకే బ్యాటరీలు ఎప్పుడూ అడుగునే ఉండాలి. అందంగా ఉంటుందని పైన మూడంతస్తుల కేబిన్ కట్టారో.. మొదటి మలుపులోనే బోల్తా!

లెక్కలో వెడల్పు వర్గం ఉందని గమనించారా? అందుకే బరువు తగ్గించడం కంటే వెడల్పు కాస్త పెంచడం ఎక్కువ మేలు చేస్తుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి షిప్‌యార్డుల్లో ఉన్నదే. పేరు ఇన్‌క్లైనింగ్ ఎక్స్‌పెరిమెంట్. పడవ మధ్యలో ఉన్న 50 గ్రాముల బరువును 3 సెం.మీ. పక్కకు జరిపి, ఎంత కోణం ఒరిగిందో ఫోన్‌లోని యాప్‌తో కొలవండి. 5 డిగ్రీలు ఒరిగితే గరిమనాభికి, మెటాసెంటర్‌కు మధ్య దూరం సుమారు 2.45 సెం.మీ. ఉన్నట్టు. అసలు ఓడకు టన్నుల బరువులు జరుపుతారు, మీరు గ్రాముల్లో జరుపుతారు. సూత్రం మాత్రం ఒకటే.

నీరు కారితే?

ఇటుకలు ఎంత గట్టిగా నొక్కినా అతుకుల్లోంచి నీరు ఊరుతుంది. చేరిన నీరు బరువు పెంచడమే కాదు, ఒరిగిన వైపే పారి పడవను ఇంకా ఒరిగేలా చేస్తుంది. మార్గాలు మూడు. అడుగుభాగం ఒకే ముక్కగా వచ్చే రెడీమేడ్ హల్ వాడటం, బయట పలుచని ప్లాస్టిక్ షీటు చుట్టడం, మూత బిగించిన సీసాల్లాంటి తేలియాడే గొట్టాలను రెండు వైపులా పెట్టి కెటమరాన్‌లా కట్టడం. ఏది చేసినా పది నిమిషాలు నీళ్లలో ఉంచి, ముందూ వెనకా తూకం వేయండి. ‘కొంచెం కారుతోంది’ అనడం వేరు, ‘పది నిమిషాలకు ఇన్ని గ్రాములు’ అనడం వేరు. ఇంజినీరు మాట్లాడేది రెండో భాష.

మోటార్లు, రిమోట్

వెనక ప్రొపెల్లర్ పెట్టాలంటే షాఫ్ట్ కోసం అడుగున రంధ్రం చేయాలి. ఆ రంధ్రంలోంచి నీరు రాకుండా గ్రీజు నింపిన గొట్టం కావాలి. తొలి ప్రయత్నానికి రెండు పక్కలా తెడ్డు చక్రాలే నయం. ఇరుసులు నీటిమట్టానికి పైనే ఉంటాయి. రెండు చక్రాలకు రెండు మోటార్లు పెడితే చుక్కాని కూడా అక్కర్లేదు. ఒకటి ఆపి ఒకటి తిప్పితే పడవ మలుపు తిరుగుతుంది.

లెగో పాత పవర్ ఫంక్షన్స్ రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది, ఎండలో సిగ్నల్ తడబడుతుంది. తర్వాత వచ్చిన పవర్డ్ అప్ బ్లూటూత్ వాడుతుంది. ఇవి ఖరీదనుకుంటే పాత ఇటుకలకు ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న గేర్ మోటార్లు, మోటార్ డ్రైవర్ జోడించండి. ఉద్యోగం కోసమైతే ఇదే మంచిది, ఎందుకంటే కోడ్ మీదే అవుతుంది. యాంటెన్నా ఉన్న భాగాన్ని నీటికి వీలైనంత ఎత్తులో పెట్టండి. నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఇట్టే మింగేస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులు తప్పక ఎదురవుతాయి. ఒకటి: మోటారు స్టార్టయిన క్షణంలో కరెంటు ఎక్కువ లాగి వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. బోర్డుకు వేరే రెగ్యులేటర్, కెపాసిటర్ పెట్టి, మోటారు వేగాన్ని కోడ్‌లో మెల్లగా పెంచితే సర్దుకుంటుంది. రెండు: సిగ్నల్ తెగిపోతే పడవ చివరి ఆదేశంతోనే సాగిపోతుంది. అర సెకను పాటు సిగ్నల్ రాకపోతే మోటార్లు ఆగేలా కోడ్ రాయాలి. దీన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. డ్రోన్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ముందు టబ్బులో పరీక్షించండి. చెరువుకో కుంటకో వెళ్తే పడవకు దారం కట్టి వదలండి. ఆగిపోయిందని నీళ్లలోకి దిగొద్దు. తడిసిన లిథియం సెల్‌ను మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

విశాఖ వైపు చూస్తే..

ఈ పని సరదాతో ఆగిపోనక్కర్లేదు. 1870ల్లో ఇంగ్లండ్‌కు చెందిన విలియం ఫ్రౌడ్ చిన్న నమూనాలను తొట్టెలో లాగి పెద్ద ఓడల నిరోధాన్ని అంచనా వేశాడు. వేగం, పొడవు వర్గమూలానికి తగ్గట్టు మారుతుందన్నది ఆయన సూత్రం. 100 మీటర్ల ఓడ సెకనుకు 10 మీటర్లు వెళ్తే, మీటరు నమూనాను సెకనుకు ఒక మీటరు వేగంతో లాగాలి. ఇప్పటికీ విశాఖపట్నంలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఇలాంటి టోయింగ్ ట్యాంకు ఉంది. 1948లో ‘జల ఉష’ నీళ్లలోకి దిగిన షిప్‌యార్డు కూడా ఆ ఊళ్లోనే ఉంది, అదే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్.

ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్, ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఖరగ్‌పూర్, కొచ్చిలోని కుశాట్‌లలో ఈ రంగపు కోర్సులున్నాయి. 2022 నుంచి గేట్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపర్ కూడా వచ్చింది. షిప్‌యార్డులకు మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లూ అవసరమే. అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘రిమోట్ బోట్ తయారుచేశాను’ అని వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. ఇలా రాయండి:

* 700 గ్రాముల పడవ ఎంత మునుగుతుందో లెక్కించి, కొలిచి, తేడాకు కారణం గుర్తించాను.
* మోటార్ల వల్ల బోర్డు రీసెట్ అయ్యే సమస్యను కనిపెట్టి సరిచేశాను.
* సిగ్నల్ తెగితే అర సెకనులో ఆగే ఫెయిల్‌సేఫ్ రాశాను.

అంకెలు మాత్రం మీ పడవవే అయి ఉండాలి. ముగ్గురు నలుగురు కలిసి చేస్తే ఎవరి వంతు ఏదో స్పష్టంగా చెప్పండి. మునిగినప్పటి ఫొటో, సరిచేశాక తేలిన వీడియో, కోడ్.. మూడూ ఒకే లింకులో పెట్టండి.

ఈ పడవ ఒక్కటే ఉద్యోగం ఇప్పించదు. ఆప్టిట్యూడ్, సబ్జెక్టు ఎలాగూ చదవాల్సిందే. కానీ ‘మీరు స్వయంగా చేసిందేంటి?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు తల దించుకోవాల్సిన పని ఉండదు. అటకమీద పాత ఇటుకల డబ్బా ఉంటే ఈ ఆదివారమే దించండి!