సరుకు ఓడ కోసం పుట్టిన తెరచాప

1960లలో జర్మనీ ఇంజనీరు విల్‌హెల్మ్ ప్రోల్స్ సరుకు ఓడల కోసం ఒక కొత్త రకం తెరచాపను రూపొందించాడు. నలభై ఏళ్లు గడిచాక అది నిజమైన ఓడెక్కింది. ఎక్కింది మాత్రం ఒక సంపన్నుడి విహారనౌక మీద. పేరు మాల్టీస్ ఫాల్కన్.

పాతకాలపు పెద్ద తెరచాప ఓడల్లో స్తంభం కదలదు. దానికి అడ్డంగా కట్టిన దూలాలను గాలివాటాన్ని బట్టి తిప్పుతారు. స్తంభాన్ని నిలబెట్టే తాళ్లు అడ్డొచ్చి అవి కొంతవరకే తిరుగుతాయి. తెరచాప చుట్టాలంటే మనుషులు తుఫానులో కూడా పైకెక్కాలి. ఎందరో అలా జారిపడి చనిపోయారు. ప్రోల్స్ ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. దూలాలను స్తంభానికి బిగించేసి, స్తంభాన్నే మొత్తంగా తిప్పమన్నాడు. తాళ్లు అక్కర్లేదు. తెరచాపలు స్తంభం లోపలే చుట్టుకుని ఉంటాయి, మోటార్లు వాటిని దూలాల గాడుల వెంట బయటికి లాగుతాయి. మధ్యలో సందులు లేకపోవడంతో ఒక స్తంభం మీది తెరచాపలన్నీ కలిసి విమానం రెక్కలా పనిచేస్తాయి. దీని పేరు డైనారిగ్.

తాళ్ల ఆసరా లేని స్తంభం మీద గాలి ఒత్తిడంతా దాని మొదట్లోనే పడుతుంది. ఉక్కుతో చేస్తే బరువు పెరిగిపోతుంది. చమురు కూడా అప్పట్లో చవక. ఆలోచన కాగితాల మీదే ఉండిపోయింది.

అమెరికా పెట్టుబడిదారు టామ్ పెర్కిన్స్, టర్కీలోని టుజ్లాలో పెరీనీ నావీ సంస్థ కట్టించి ఆపేసిన 88 మీటర్ల ఓడ దేహాన్ని కొన్నాడు. డచ్ డిజైనర్ గెరార్డ్ డైక్‌స్ట్రా డైనారిగ్‌ను సూచించాడు. ఈసారి చేతిలో కార్బన్ ఫైబర్ ఉంది. సుమారు 58 మీటర్ల ఎత్తున్న మూడు స్తంభాలను దానితోనే చేశారు. లోపల ఆప్టికల్ ఫైబర్లు పొదిగారు. స్తంభం వంగితే ఫైబర్ సాగుతుంది, అందులోంచి తిరిగొచ్చే కాంతి తరంగదైర్ఘ్యం మారుతుంది. ఏ చోట ఎంత ఒత్తిడి పడుతోందో కెప్టెన్‌కు తెరమీద కనిపిస్తుంది. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే. 2006లో ఓడ సముద్రంలోకి వచ్చింది. పదిహేను తెరచాపలు, మొత్తం 2,400 చదరపు మీటర్లు, దాదాపు ఆరు నిమిషాల్లో విచ్చుకుంటాయి. పైకెక్కే పని ఎవరికీ లేదు.

ఇంజన్లతో వేగం కొనుక్కోవడం ఎంత ఖరీదో 2013లో జర్మనీలో తయారైన 180 మీటర్ల విహారనౌక అజ్జామ్ చూపిస్తుంది. 30 నాట్ల వేగం దాటడానికి దానికి 94,000 హార్స్‌పవర్ కావాలి. వేగం రెట్టింపు చేయాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు పెట్టాలి మరి. గాలి ఆ ఇంధనాన్ని మిగులుస్తుంది కానీ మిగతా ఖర్చులను తగ్గించదు. ఓడ ధరలో పదో వంతు ఏటా దాని నిర్వహణకే పోతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. పది కోట్ల డాలర్ల ఓడయితే ఏడాదికి కోటి డాలర్లు. సిబ్బంది జీతాలు, బీమా, రేవు అద్దె, ఉప్పుగాలికి తట్టుకునే రంగులు, కొన్నేళ్లకోసారి ఒడ్డుకెక్కించి చేసే తనిఖీ, అన్నీ అందులోవే. ఒక్క కుటుంబం సరదాకు ఇంత ఖర్చు నాకు మింగుడుపడదు. అయినా కొత్త స్తంభం మీద మొదటి పందెం కాసే ధైర్యం ఆ డబ్బుకే వచ్చింది.

2018లో 106 మీటర్ల విహారనౌక బ్లాక్ పర్ల్ కూడా డైనారిగ్‌తోనే వచ్చింది. తెరచాపల మీద సాగుతున్నప్పుడు దాని ప్రొపెల్లర్లను నీరే తిప్పుతుంది, ఓడలోకి కరెంటు వస్తుంది. 2023లో ఒక సరుకు ఓడ కూడా గాలి దారి పట్టింది. పిక్సిస్ ఓషన్ అనే భారీ ఓడ 37.5 మీటర్ల ఎత్తున్న రెండు గట్టి రెక్కలతో చైనా నుంచి బ్రెజిల్‌కు బయల్దేరింది. నిర్మాణం వేరే అయినా గాలికి తగ్గట్టు నిలువునా తిరిగే రెక్క అన్న ఆలోచన ఒకటే. తొలి ఆరు నెలల్లో సగటున రోజుకు మూడు టన్నుల ఇంధనం ఆదా అయిందని దాన్ని నడిపిన కార్గిల్ సంస్థ ప్రకటించింది.