రచ్చయు వాదమును: గిద్దలూరుసీమ యెన్నికల చర్చలను గూర్చిన పదవిచారము

తెలుగున 'రచ్చ' యను మాట సంస్కృతమునందలి 'రథ్య'కు వికృతి. రథ్య యనగా రథములు పోవు వీథి. ఆ మాట ప్రాకృతము మీదుగా తెలుగునకు వచ్చి రచ్చ యయినది. వీథులు గలియుచోట చెట్టునీడను గట్టిన యరుగు రచ్చబండ. అచట గూడిన సభకును రచ్చ యనియే పేరు. 'ఇంట గెలిచి రచ్చ గెలువుము' అను సామెతలో ఆ పదమునకు గౌరవార్థమే కలదు. రచ్చ గెలుచుట యనగా పదిమంది నడుమ దన మాట నిలువబెట్టుకొనుట. పిదప 'రచ్చకెక్కుట' యను పలుకుబడిలో గుట్టు బయటబడుట యను నర్థము చేరినది. నేడు 'వాడు రచ్చ చేసినాడు' అన్నచో గలభా చేసినాడనియే యెల్లరు గ్రహింతురు. వీథి సభ యయ్యెను. సభ గలభా యయ్యెను. అర్థాపకర్షమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకుట యరుదు.

'ఎన్నిక' యను మాట గతి వేరు. ఎన్ను ధాతువునకు లెక్కించుట, తలచుట, గొప్పగా భావించుట యను నర్థములు కలవు. కావున ఎన్నిక యనగా గణనము మాత్రమే కాదు, విచారణము కూడ. నేటి వాడుకలో గణనము నిలిచినది, విచారణము మరుగుపడినది. ఎన్నికకు ముందు రచ్చలో జరుగు చర్చలకును ఈ రెండు పదములకు బట్టిన గతియే పట్టవలెనా యనునది విచార్యము. ఈ విచారమునకు గిద్దలూరుసీమలో 2024వ సంవత్సరపు శాసనసభ యెన్నికలకు ముందు నడచిన వివాదములను లక్ష్యముగా దీసికొనుచున్నాను. ఏ పక్షము మంచిదో నిర్ణయించుట ఈ వ్యాసమునకు బ్రయోజనము కాదు. వివాదములో నెంతభాగము వస్తువును గూర్చినదో, ఎంతభాగము పదమును గూర్చినదో వేరుపరచి చూపుటయే ప్రయోజనము.

దేశము, వివాదవిషయములు

గిద్దలూరు నల్లమలకు దూర్పున సగిలేటి ప్రాంతమున నున్న యూరు. గుంటూరునుండి నంద్యాలకు బోవు ఇనుపదారి మార్కాపురసీమను, కంభమును, గిద్దలూరును దాటి కొండలలో బ్రవేశించును. పూర్వమీ సీమ కర్నూలు మండలమునకు జేరినది. 1970 ఫిబ్రవరి 2వ తేదీని కర్నూలు, నెల్లూరు, గుంటూరు మండలముల భాగములను గలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచినప్పుడు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు అందు జేర్చబడినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడెను. నాటినుండి ఈ ప్రాంతమునకు 'పడమటి ప్రకాశము' అను వ్యవహారము కలిగినది. తూర్పున కడలి, పడమట కొండ, మెట్టచేను, లోతుబావి, ఫ్లోరైడు నీరు, పనికై వలసపోవు కుటుంబములు. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగరరాజుల కాలమున గట్టిన కంభము చెరువు నీటి విలువను ఈ సీమవారు ఏనాడో యెరిగిరనుటకు సాక్షి.

ఇట్టి సీమలో ఎన్నికల చర్చ నీటిమీదికి బోవుట సహజము. నీటి ప్రశ్నకు వెలిగొండ యని పేరు. రెండవ ప్రశ్న మార్కాపురము కేంద్రముగా వేరు జిల్లా యేర్పడవలెనా యనునది. తక్కిన విషయములెన్ని యున్నను ఈ రెండును ఈ నేలకే చెందినవి కావున వీనినే పరిశీలింతము.

వాదము, జల్పము, వితండ

గౌతముని న్యాయసూత్రములు కథను, అనగా ఇరువురి నడుమ నడచు శాస్త్రచర్చను, మూడు విధములుగా విభజించినవి. తత్త్వము నెరుగగోరువారు ప్రమాణతర్కములతో స్వపక్షమును సాధించుచు బరపక్షమును ఖండించుచు నడుపు చర్చ వాదము. గెలువగోరువారు ఛలమును, జాతిని, నిగ్రహస్థానములను గూడ నాయుధములుగా జేసికొని నడుపునది జల్పము. స్వపక్షస్థాపన యే మాత్రమును లేక పరపక్షఖండనము మాత్రమే చేయునది వితండ.

ఈ విభాగమునందలి సూక్ష్మమును గమనింపవలెను. మూడింటను భేదాభిప్రాయము కలదు. భేదాభిప్రాయముండుట దోషమని గౌతముడు చెప్పలేదు. పక్షప్రతిపక్షములు లేనిదే వాదమే పుట్టదు. ఎన్నికల కాలమున నూరు చీలినదని వగచు పెద్దలు ఈ సంగతి మరతురు. చీలుట కీడు కాదు. చీలినవారు వాదము విడిచి వితండకు దిగుట కీడు. 'మీవాడేమి చేసినాడు?' అను ప్రశ్నకు 'మీవాడు మాత్రము చేసినదేమి?' అనుట యే పక్షమును స్థాపింపదు గాన, అది వితండ. అట్టి ప్రశ్నోత్తరములు రెండు జాములు సాగినను వినువానికి కొత్తగా దెలియున దేమియు నుండదు.

'పూర్తి' యను పదము

శ్రీశైలజలాశయమునందలి కొల్లంవాగునుండి కృష్ణ వరదనీటిని నల్లమల క్రిందుగా రెండు సొరంగములద్వారా దెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమల కానకట్టలు గట్టి యేర్పరచు నల్లమలసాగరమున నిలువజేసి పారించుట పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశము. 43.5 టి.ఎం.సీ.ల నీరు, 4.47 లక్షల యెకరముల సాగు దాని లక్ష్యములు. 1996లో శంకుస్థాపన జరిగెను. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున పొడవు గల సొరంగములలో మొదటిదాని త్రవ్వకము 2021 జనవరిలోను, రెండవదానిది 2024 జనవరిలోను ముగిసెను. 2024 మార్చి 6వ తేదీని నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డి ఆ సొరంగములను జాతికి అంకితము చేసిరి. రెండు నెలలు దాటగనే, మే 13న, పోలింగు.

ఆ దినములలో ఈ సీమ రచ్చలలో నడచిన వాదములకెల్ల సారమును రెండు వాక్యములలో గూర్పవచ్చును. ఒకడు, 'సొరంగాలు రెండూ పూర్తయినాయి గదన్నా' అనును. రెండవవాడు, 'పూర్తయితే నీళ్లేవి అబ్బీ?' అనును. అంతతో గొంతులు లేచును. ఇద్దరిలో నొక్కడును అబద్ధమాడలేదు. త్రవ్వకము ముగిసినది నిజము. ముంపు గ్రామములవారి పునరావాసము, కాలువల పనులు మిగిలియుండి నీరు చేలకు రాకుండుటయు నిజము. మొదటివాని నోట పూర్తి యనగా ఖననసమాప్తి. రెండవవాని నోట ఫలసిద్ధి. పద మొక్కటి, అర్థములు రెండు.

ఒకడు ఒక యర్థమున బలికిన పదమునకు వేరొక యర్థము గల్పించి ఖండించుట వాక్ఛలమని శాస్త్రము. 'నవకంబళుడు' అనగా కొత్తకంబళి గలవాడని యొకడు చెప్పగా, 'తొమ్మిది కంబళులెక్కడివి?' అని యడుగుట దానికి వాడుకలోనున్న యుదాహరణము. అయితే వెలిగొండ విషయమున ఛలము ఏ యొక్కపక్షమువారి సొత్తును గాదు. సొరంగముల సమాప్తిని ప్రాజెక్టు సమాప్తిగా వినిపించుటయు ఛలమే. నీరు రాలేదు గాన త్రవ్వకమే జరుగలేదన్నట్లు పలుకుటయు ఛలమే.

పండితులకు ఇచట వ్యుత్పత్తి విచారము స్ఫురింపక మానదు. పూర్తి శబ్దమునకు నింపుట యని మూలార్థము. 'ఇష్టాపూర్తములు' అనుచోట పూర్తమనగా వాపీకూపతటాకాదుల నిర్మాణము. కావున జలాశయము నిండినప్పుడే పూర్తి యని రెండవవాడు వ్యాకరణబలము దెచ్చుకొనవచ్చును. 'అంకితము' అను మాటనుబట్టి కృతి ముగియకమునుపే అంకితమేమని యడుగనూవచ్చును. దానికి మొదటివాడు, మన కవులు ప్రత్యాశ్వాసారంభమునను కృతిపతిని సంబోధించిరి గదా, ఒక్కొక్క యాశ్వాసమును ఒక్కొక్కప్పుడు అంకితముచేసిన దోషమేమని బదులు చెప్పగలడు. వినోదముగా నుండును గాని వివాదము తీరదు. వ్యుత్పత్తి పదము వచ్చిన దారిని జూపును; వక్త హృదయమును జూపదు. వక్తనే యడుగవలెను.

అడిగినచో జరుగునది యిది. 'త్రవ్వకము ముగిసినది', 'నిర్మాణము ముగిసినది', 'నీరు పారినది' అను మూడు మాటలు ఒక్క 'పూర్తి' స్థానమున నిలుచును. మొదటిదానిపై ఇరువురును సమ్మతింతురు. మూడవదియు కన్నులకు గానవచ్చునదే గాన తగవులేదు. మిగులు భేదము చిన్నదగును, గాని నిజమైనది యగును: ఇన్నేండ్ల యాలస్యమునకు ఎవరెంతవరకు బాధ్యులు? మిగిలిన పనిని ముందు ముగింపగలవా రెవరు? ఇది వాదార్హమైన ప్రశ్న. దీనికి లెక్కలు, తేదీలు, కాగితములు ప్రమాణములుగా దేవలసియుండును, గొంతు చాలదు.

ఇంకొక ఛలమును గూడ జెప్పవలెను. మంచెలు అరచుచున్నవనగా మంచెలపైనున్న కాపరులు అరచుచున్నారని యర్థము. కొయ్య యెట్లరచునని ఖండించుట ఉపచారచ్ఛలము. 'సొరంగము త్రవ్వినది మా నాయకుడు' అన్నవానితో 'పలుగు పట్టినాడా?' అనుట యిట్టిదే. నవ్వు పుట్టును, పని జరుగదు.

'ప్రతిజ్ఞ' యను పదము

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశము 26 జిల్లాలుగా విభజింపబడినప్పుడు ఒక్కొక్క లోకసభ నియోజకవర్గమును ఆధారముగా గొనుట సామాన్యనియమమయ్యెను. మార్కాపురము, గిద్దలూరు ఒంగోలు లోకసభ స్థానమున నున్నవి గాన ప్రకాశము జిల్లాలోనే నిలిచినవి. ఇచట వాదము శుద్ధరూపమున గానవచ్చును. అందరికిని ఒకే నియమము వర్తింపవలెననుట యొక హేతువు. కొండయంచు పల్లెలవారికి సముద్రతీరపు కచ్చేరీ మిక్కిలి దూరము, దూరమే వెనుకబాటునకు గారణమనుట రెండవ హేతువు. రెండును హేతువులే, తూచదగినవే. ఈ విషయమున నిరుపక్షములవారును ఒకరి మాట యొకరు విన్నచో ఇద్దరికిని లాభమే.

న్యాయశాస్త్రమున ప్రతిజ్ఞ యనగా సాధింపదలచిన విషయమును మొదట నిర్దేశించుట, పంచావయవములలో ప్రథమము. లోకమున ప్రతిజ్ఞ యనగా చేయుదునని యొట్టుపెట్టుట. ఎన్నికల వాగ్దానమున ఈ రెండర్థములును గలియును. నిగ్రహస్థానములు ఇరువదిరెండింటిలో మొదటి నాలుగును ప్రతిజ్ఞకు సంబంధించినవే: పట్టిన ప్రతిజ్ఞను జారవిడుచుట ప్రతిజ్ఞాహాని, ఆక్షేపణము రాగా దాని స్థానమున మరియొకదానిని బెట్టుట ప్రతిజ్ఞాంతరము, హేతువే ప్రతిజ్ఞకు విరుద్ధమగుట ప్రతిజ్ఞావిరోధము, నేనట్లు చెప్పనేలేదనుట ప్రతిజ్ఞాసన్న్యాసము. వాగ్దానములను బరీక్షించుటకు ఈ నాలుగు మాటలు చాలును. వీనికి నేటి యుదాహరణములను వెదకుకొనుట పాఠకులకు గష్టము కాదు.

మార్కాపురము జిల్లా యేర్పరతుమని 2024 యెన్నికలకు ముందు తెలుగుదేశము నాయకులు పలికిరి. 2025 డిసెంబరు 31న మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము, కనిగిరి ప్రాంతములతో ఆ జిల్లా యేర్పడెను. ప్రతిజ్ఞ నెరవేరినదనుట కిది ప్రత్యక్షము. జిల్లా యేర్పడుటచే దూరము తగ్గి వెనుకబాటు తీరునా యనునది వేరు ప్రతిజ్ఞ. అది కాలముచేతనే సాధ్యము.

'పక్షము' అను పదము

పక్షమనగా రెక్క, ప్రక్క, పదునైదు దినములు, వాదమున నొకవైపు, రాజకీయమున పార్టీ. ఈ చివరి రెండర్థములను గలిపివేయుటయే యెన్నికల తగవులలో పెద్ద పొరపాటు. గిద్దలూరు చరిత్రమే దీనికి నిదర్శనము. 2009లో ప్రజారాజ్యము పక్షమున గెలిచిన అన్నా రాంబాబు 2014లో తెలుగుదేశము పక్షమున నిలిచి, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి ముత్తుముల అశోకరెడ్డి చేతిలో నోడిరి. 2019లో మరల వీరిరువురే తలపడిరి. కాని పార్టీలు తారుమారయినవి. రాంబాబు వై.ఎస్.ఆర్. కాంగ్రెసున, అశోకరెడ్డి తెలుగుదేశమున నిలువగా రాంబాబు గెలిచిరి. నాయకుని నమ్మి వాదించినవాడు అయిదేండ్లలో జెండా మార్చవలసివచ్చెను. జెండాను నమ్మినవాడు నాయకుని మార్చవలసివచ్చెను. వెలిగొండకు నీరు గావలెననువాడు మాత్రము దేనిని మార్చుకొనవలసిన పని లేకపోయెను. విషయమును బట్టిన పక్షమునకు గల స్థిరత్వము మనిషిని బట్టిన పక్షమునకు లేదు.

మధ్యస్థుడు

జయాపజయములు తేల్చు కథకు మధ్యస్థు డావశ్యకుడు. ఎన్నికలో మధ్యస్థుడెవడు? ఓటరే. పోలింగునకు ముందు రచ్చబండపై వాదించినవాడే ఆనాడు తెరచాటున తీర్పు చెప్పవలెను. లోకమున నెచ్చటను వాదియే మధ్యస్థుడగుట యంగీకరింపబడదు. ప్రజాస్వామ్యమున నొక్కచోట విధిలేక యంగీకరింపబడినది. ఓటు రహస్యముగా నుండుట దానికి బెట్టిన కట్టుబాటు. రచ్చలో నన్న మాటకు లోబడక, తన మాట తానే త్రోసిపుచ్చుటకు అచట వీలు కలదు.

గిద్దలూరువారు ఆ వీలు నుపయోగించుకొనగలరని అంకెలు చెప్పుచున్నవి. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు వచ్చిన ఆధిక్యము 81,035 ఓట్లు. 2024లో అశోకరెడ్డి కుందూరు నాగార్జునరెడ్డిపై గెలిచినది 973 ఓట్లతో. అయిదేండ్లలో వేలకొలది ఓట్లు ఇటునుండి అటు కదలినవి. దానికి గారణములనేకములు, రచ్చబండ వాదములవలననే యని చెప్పుట సాహసము. అభ్యర్థులును మారిరి, కాలమును మారెను. కాని మనసు మారని జనము కాదని మాత్రము సిద్ధము. మారగల మనసున్నచోట వాదమునకు బ్రయోజనము కలదు. మరియు 973 ఓట్ల దూరమనగా ఒకటి రెండు పల్లెల జనము. అట్టిచోట ఒక్క రచ్చబండపై నడచిన చర్చ వాదమో వితండయో యనునది చిన్న విషయము కాదు.

కావున బడిపంతుళ్లకు నాదొక విన్నపము. తర్కసంగ్రహము చదివినవారు ఊరూర నున్నారు. ఆ విద్యను కుండలకు, పొగకు, కొండకు మాత్రమే కట్టివేయ నవసరము లేదు. మన యెదుటనున్న కొండ నల్లమల. దానియందు నిప్పున్నదా యనునది కాదు, దాని క్రిందుగా నీరు వచ్చునా యనునది మన పిల్లల ప్రశ్న. తగవులాడుకొను నిద్దరిని ఆపి, 'ఆ మాటకు నీ వేమి యర్థము చెప్పుచున్నావు?' అని యొక్కటియు, 'ఏమి జరిగినచో నీ మాట తప్పని యొప్పుకొందువు?' అని యొక్కటియు నడుగనేర్పిన చాలును. మొదటి ప్రశ్న ఛలమును దొలగించును. రెండవది వితండను దొలగించును. మిగిలినది వాదము. అది యెంత గట్టిగా సాగినను, మరునాడు ఆ యిరువురును ఒకే బావి నీరు త్రాగుటకు సిగ్గుపడరు. 'రచ్చ' యను మాటయు దన పూర్వార్థమును గొంతయైన మరల బొందును.