మీకు తెలుసా? కాలవ నిండుగానే ఉంది, బోదె పూడింది

ధవళేశ్వరం నుంచి కాలవ నిండా నీరొచ్చినా బోదెలో గుర్రపుడెక్క పేరుకుంటే చేను తడవదు. ద్రాక్షారామం రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో కంప్యూటరుదీ అదే కథ. కోనసీమలోని మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. లైను ఎంత జోరుగా ఉన్నా బ్రౌజర్ నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు ఇరుకు ర్యామ్ దగ్గరే.

2008లో వచ్చిన క్రోమ్ ఒక్కో ట్యాబ్‌ను దాదాపు విడి ప్రోగ్రాంలా నడుపుతుంది. ఒకటి చెడినా మిగతావి పడిపోవు, కానీ ర్యామ్ మాత్రం బాగా తింటుంది. 4 జీబీ పాత మిషన్లో పాతిక ట్యాబ్‌లు తెరిస్తే ర్యామ్ చాలక హార్డ్ డిస్క్ మీద పడుతుంది, అక్కడే చతికిలబడుతుంది. విండోస్‌లో క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మింగుతోందో పట్టికలో కనిపిస్తుంది. ఎప్పుడో సరదాకి వేసుకుని మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్లను ముందు పీకేయండి.

రోజూ క్యాష్ (డబ్బు కాదు లెండి!) తుడిస్తే వేగం పెరుగుతుందన్నది అపోహే. చూసిన పేజీల బొమ్మల్ని బ్రౌజర్ అందులోనే దాచుకుంటుంది. తుడిచేస్తే అన్నీ మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి.

ఇంకా విండోస్ 7 వాడుతున్నారా? మీకు క్రోమ్ 2023 జనవరి నాటి 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది.